ఒకే 37 గుర్రాలు, రెండు బళ్లు: సాలూరు ఘాట్‌లో అంబాసిడర్, మారుతి 800

మా బాబాయి డీజిల్ అంబాసిడర్‌ని విజయనగరం రైల్వే స్టేషన్ దగ్గర ట్యాక్సీగా తిప్పేవాడు. నాన్న బడి మాస్టారు. పీఎఫ్ లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒక మారుతి 800 కొన్నారు. అప్పట్నుంచి పండక్కి అందరం ఒకచోట చేరామంటే భోజనాలయ్యాక ఆ రెండు బళ్ల మీదే వాదన.

"ఏటన్నయ్యా, అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టినట్టుంది. బండన్నాక రోడ్ గ్రిప్ ఉండొద్దా?" అనేవాడు బాబాయి.

"ఒరే, నీ బండి కదిలేలోపు నేను గజపతినగరం దాటేస్తాన్రా" అనేవారు నాన్న.

ఒకసారి ఒడిశా జయపురంలో చుట్టాలింట పెళ్లికి రెండు బళ్లూ కలిసే బయల్దేరాయి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు, అక్కణ్ణుంచి పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోని సుంకి. ఇప్పుడు ఆ దారిని ఎన్‌హెచ్ 26 అంటున్నారు, అప్పట్లో 43. వెళ్లేటప్పుడు నేను బాబాయి బండిలో ఎక్కాను, వచ్చేటప్పుడు నాన్న బండిలో దిగాను. ఎవరి మాట నిజమో ఆ ఒక్క ప్రయాణంలోనే తేలిపోవాలి. తేలలేదు. ఇద్దరి మాటా నిజమేననిపించింది. అదెలాగో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈ చిక్కుముడికి కొస ఒక అంకెలో దొరుకుతుంది. 1990లో వచ్చిన అంబాసిడర్ నోవా డీజిల్ ఇంజిన్ శక్తి 37 హార్స్‌పవర్. మారుతి 800ది కార్బ్యురేటర్ రోజుల్లో 39 దాకా ఉండేది, కార్బ్యురేటర్ బదులు పెట్రోలుని కొలిచి ఇంజిన్‌లోకి చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చాక 37. అంటే రెండు బళ్లకూ కట్టింది ఇంచుమించు ఒకే గుర్రాలు. అయినా ఒకటి చెంగున దూకేది, ఇంకొకటి నింపాదిగా కదిలేది. ఒకటి గోతిలో ఎగిరిపడేది, ఇంకొకటి పడవలా తేలిపోయేది. గుర్రాలు ఒక్కటే అయినప్పుడు తేడా అంతా బరువులో ఉండాలి. ఎంత బరువు, అది ఏ చక్రాల మీద ఉంది, బండి ఎక్కినా తిరిగినా ఆగినా ఆ బరువు ఎటు కదులుతుంది? పికప్, పుల్లింగ్, గ్రిప్, కంట్రోల్ అని మనం వాడే మాటలన్నీ చివరికి ఈ మూడు ప్రశ్నల దగ్గరికే వస్తాయి.

రెండు బళ్ల పుట్టుక గురించి రెండు ముక్కలు. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో దాని తయారీ మొదలుపెట్టారు. మారుతి 800 మూలం జపాన్ సుజుకీ చిన్న కారు. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ మొదటి బండి తాళాలు అందించారు. తయారీ ఆగిపోయింది మాత్రం రెండింటికీ ఒకే ఏడు, 2014లో. 800 జనవరిలో, అంబాసిడర్ మే నెలలో.

నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్ కార్లకు 1948లో ముందు వైపు టార్షన్ బార్ సస్పెన్షన్ (మెలితిరిగే కడ్డీయే స్ప్రింగు), ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ (పళ్ల చక్రంతో పళ్ల కడ్డీని జరిపేది) సమకూర్చిన ఇంజినీరు అలెక్ ఇసిగోనిస్. అంబాసిడర్‌లో ఆ రెండూ ఉన్నాయి. 1959లో మినీ కారు రూపొందించిందీ ఆయనే. ఇంజిన్‌ని అడ్డంగా పడుకోబెట్టి, ముందు చక్రాలనే తిప్పించి, చిన్న బండిలో మనుషులకు చోటు మిగల్చడం ఆ కారుతోనే ప్రపంచానికి అలవాటైంది. గేర్‌బాక్స్ పెట్టిన చోటు వేరు కానీ, 800లో ఇంజిన్ ఉన్నదీ అలా అడ్డంగానే. నాన్నా బాబాయీ పంతం పట్టి వాదించుకున్న రెండు బళ్లలోనూ ఒకే మనిషి ఆలోచనలు ఉన్నాయన్నమాట.

పికప్ వేరు, పుల్లింగ్ వేరు

800 ఖాళీ బరువు 650 కిలోల దరిదాపు. డీజిల్ అంబాసిడర్‌ది 1150 అనుకుందాం. ఒక్కో టన్నుకి ఎన్ని గుర్రాలో లెక్కేస్తే 800కి 57, అంబాసిడర్‌కి 32 వస్తాయి. నాన్న చెప్పిన పికప్ అంటే ఇదే. సిగ్నల్ దగ్గర వదలగానే ఏ బండి ముందుకు ఉరుకుతుందో ఈ అంకె చెప్పేస్తుంది.

ఇప్పుడు మనుషుల్ని ఎక్కిద్దాం. మనిషికి 60 కిలోల లెక్కన నలుగురెక్కితే 240. అది 800 బరువులో 37 శాతం, అంబాసిడర్ బరువులో 21 శాతమే. చిన్న బండికి ప్రతి మనిషీ పెద్ద బరువే. ఒక్కరే ఉన్నప్పుడు పిట్టలా ఎగిరిన 800, వెనక ముగ్గురు కూర్చోగానే మారిపోతుంది. అంబాసిడర్ డ్రైవర్‌కి మాత్రం ఇద్దరు ఎక్కినా నలుగురు ఎక్కినా పెద్ద తేడా తెలియదు. "నా బండి లోడు లెక్కచెయ్యదు" అని బాబాయి అనేవాడంటే కారణం ఇదే. లెక్కచెయ్యకపోవడం కాదు గానీ, తన సొంత బరువే ఎక్కువ కాబట్టి కొత్త బరువు అందులో కలిసిపోతుంది.

పెళ్లికి వెళ్లిన రోజు బాబాయి బండిలో ఏడుగురం, నాన్న బండిలో నలుగురు. అంటే అంబాసిడర్ 1570 కిలోలు, 800 దాదాపు 890. ఘాట్‌లో వంద మీటర్లు పోయేసరికి ఆరు మీటర్లు పైకి లేచే చోటు ఒకటుందనుకుందాం. అక్కడ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, బరువుని పైకెత్తడానికే అంబాసిడర్‌కి సుమారు 21 గుర్రాలు కావాలి, 800కి 12 చాలు. గాలిని చీల్చడానికి, టైర్లు దొర్లడానికి, గేర్‌బాక్సులోనూ, చక్రాలకు తిప్పుడు పంచే డిఫరెన్షియల్‌లోనూ రాపిడికి పోయేది మళ్లీ వేరే. ఇంకో సంగతి, 37 అనేది ఇంజిన్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు వచ్చే అంకె. అందుకే బాబాయి 60 మాటే తలపెట్టకుండా రెండో గేరులో, మెల్లగా, ఒకే ఊపున ఎక్కించాడు. మేం సగం దారిలో ఉండగానే నాన్న బండి పైమలుపులో ఎర్రగా కనిపించి మాయమైంది.

మరి బాబాయి బండి "పుల్లింగ్" అని అందరూ అంటారెందుకు? అది వేరే గుణం. ఇంజిన్ ఎంత బలంగా తిప్పగలదో చెప్పేది టార్క్. 796 సీసీ మూడు సిలిండర్ల 800 ఇంజిన్‌కి టార్క్ 59 న్యూటన్ మీటర్లు. పాత పెట్రోల్ అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌కి అది సుమారు 100. కింది వేగంలోనే పెద్ద ఇంజిన్‌కి బలం వచ్చేస్తుంది. మలుపులో బండి నెమ్మదించినా గేరు మార్చకుండా యాక్సిలరేటర్ నొక్కితే చాలు, గుడగుడమంటూ లాక్కుపోతుంది. 800 అలా కాదు. చిన్న ఇంజిన్ కాబట్టి తన శక్తంతా పైవేగంలో, 5000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర చూపిస్తుంది. వేగం పడిపోనిస్తే బండి నీరసపడుతుంది. సరైన సమయానికి గేరు దించి, ఇంజిన్‌ని అరిపించాలి. అరిపిస్తే ఇంజిన్ పాడైపోతుందని భయపడేవాళ్లు 800ని ఘాట్‌లో ఎప్పుడూ సరిగ్గా నడపలేరు. నాన్న కూడా మొదట్లో అంతే. మూడో గేరులోనే లాగించేవారు, బండి వణికేది. గేరు దించడం నేర్చుకున్నాకే ఆ బండికి ఎంత సత్తువ ఉందో ఆయనకే తెలిసింది.

ఏసీ వేసుకుంటే అది ఇంజిన్ నుంచి కొన్ని గుర్రాలు తినేస్తుంది. పెద్ద ఇంజిన్ల బళ్లలో అది తెలియదు. 37లోంచి తీసేస్తే వెంటనే తెలుస్తుంది. ఘాట్ మొదలవగానే 800 వాళ్లందరూ ఏసీ కట్టేసి అద్దాలు దించేది అందుకే.

ఇంజిన్ వేడెక్కడంలోనూ రెండు బళ్ల తీరు వేరు. అంబాసిడర్ ఫ్యాను ఇంజిన్‌కే బెల్టుతో కట్టి ఉంటుంది. నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ వేగం తక్కువైతే ఫ్యానూ నెమ్మదిస్తుంది, కష్టం మాత్రం ఎక్కువ. బాబాయి సగం ఘాట్‌లో మర్రిచెట్టు కింద బండి ఆపి, బోనెట్ ఎత్తి, పది నిమిషాలు అలా వదిలేశాడు. ఇంజిన్ వెంటనే కట్టెయ్యలేదు, కాసేపు ఐడిల్‌లో తిరగనిచ్చి అప్పుడు కట్టేశాడు. రేడియేటర్ మూత మీద తడి గుడ్డ వేశాడు గానీ మూత తిప్పలేదు. తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయని నన్ను పక్కకు జరిపాడు. 800లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఫ్యానుని మోటారుతో తిప్పుతారు. నీళ్లు ఒక వేడి దాటగానే దానంతటదే తిరుగుతుంది, బండి ఎంత నెమ్మదిగా పోతున్నా సరే. అయితే ఆ ఫ్యాను స్విచ్చో వైరో పాడైతే డ్రైవర్‌కి తెలిసేలోపే ఇంజిన్ ఉడికిపోతుంది. పాత 800 నడిపేవాళ్లు ఈ ఒక్కటీ అప్పుడప్పుడు చూసుకోవాలి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముందు నుంచి ఫ్యాను చప్పుడు వస్తోందా లేదా, అంతే.

"రోడ్ గ్రిప్" అనే మాటలో మూడు మాటలున్నాయి

మన వాదనలన్నీ ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. రోడ్ గ్రిప్ అని మనం ఒకే మాట వాడతాం. అందులో మూడు వేరువేరు సంగతులున్నాయి. గోతుల్లో బండి కుదుపు లేకుండా పోవడం ఒకటి. నేరు రోడ్డు మీద పక్కకు ఊగకుండా పోవడం రెండోది. మలుపులో టైరు రోడ్డుని వదలకుండా, మనం తిప్పినంత మేరకు తిరగడం మూడోది. మొదటి రెండింట్లో బాబాయి గెలిచాడు. మూడోదాంట్లో నాన్న గెలిచారు. ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేరే వేరే సంగతుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి వాదన ఎప్పటికీ తెగలేదు.

గోతుల సంగతి చూద్దాం. అంబాసిడర్‌కి 15 అంగుళాల రిమ్ము, టైరుతో కలిపితే వ్యాసం 65 సెంటీమీటర్ల దరిదాపు. 800కి 12 అంగుళాలు. 145/70 ఆర్12 టైరు వేస్తే మొత్తం 51 సెంటీమీటర్లు. రోడ్డు మీద 30 సెంటీమీటర్ల వెడల్పున్న లోతైన గొయ్యి ఉందనుకోండి. పెద్ద చక్రం అందులోకి 3.7 సెంటీమీటర్లు దిగుతుంది. చిన్నది దాదాపు 5 సెంటీమీటర్లు దిగిపోతుంది. అదే గొయ్యి, చిన్న చక్రానికి మూడో వంతు ఎక్కువ లోతు. దానికి బరువు సంగతి కూడా కలుస్తుంది. చక్రం, బ్రేకు, యాక్సిల్ లాంటివి స్ప్రింగు కింద ఉండే బరువు. బాడీ, మనుషులు స్ప్రింగు మీద ఉండే బరువు. చక్రం ఎగిరి తన్నినప్పుడు పైన బరువు ఎక్కువుంటే బాడీ కదలదు, తక్కువుంటే బాడీయే ఎగురుతుంది. అంబాసిడర్ వెనక కమాను పట్టీల మీద కూర్చున్న యాక్సిల్ నిజానికి చాలా బరువు, అది మంచి గుణం కాదు. కానీ పైన ఉన్న బాడీ ఇంకా బరువు కాబట్టి వెనక సీట్లో పడుకున్న పిల్లలు లేచేవారు కాదు. చీపురుపల్లి వైపు పాత రోడ్డులో ఆ సీటు మీద నేనెన్నిసార్లు నిద్రపోయానో.

ఇక నేరు రోడ్డు. శ్రీకాకుళం నుంచి రణస్థలం, పైడిభీమవరం మీదుగా వచ్చే హైవే స్వర్ణ చతుర్భుజిలో భాగంగా నాలుగు లైన్లు కాకముందు, ఎదురుగా వచ్చే లారీ మన అద్దాన్ని రాసుకుంటున్నట్టే పోయేది. లారీ దాటేటప్పుడు గాలి ముందు బండిని పక్కకు నెడుతుంది, దాటగానే తన వైపు లాగుతుంది. ఆ తోపుడు రెండు బళ్ల మీదా ఉంటుంది. అంబాసిడర్ పక్క వైశాల్యం పెద్దది కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువే. కానీ 650 కిలోల బండి కదిలినంతగా 1150 కిలోల బండి కదలదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, వీల్‌బేస్, అంబాసిడర్‌కి 2464 మిల్లీమీటర్లు, 800కి 2175. ఆ దూరం తక్కువైతే స్టీరింగ్ కొద్దిగా కదిలినా బండి త్వరగా తిరుగుతుంది. మలుపులో అది వరం. 90లో పోతూ లారీ గాలికి ఉలిక్కిపడి స్టీరింగ్ గట్టిగా తిప్పినవాడికి అదే ప్రమాదం. 800లో హైవే మీద రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలని నాన్న మాతో ఎన్నిసార్లన్నారో లెక్కలేదు.

మలుపుల దగ్గర అంతా తారుమారవుతుంది. బండి తిరిగేటప్పుడు దాని బరువు నేరుగా పోవాలనే చూస్తుంది. దాన్ని లోపలికి లాగిపట్టేది నాలుగు టైర్లే. ఎంత బరువుంటే టైర్లకు అంత పని. అంబాసిడర్ ఎత్తైన బండి, మెత్తటి స్ప్రింగులు. మలుపులో బాడీ బయటి వైపు బాగా ఒరుగుతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. ఒరిగిందంటే పట్టు పోయిందని కాదు, ఈ రెండూ కలిపేసుకోకూడదు. కానీ ఒరిగే బండి మళ్లీ నిలదొక్కుకోవడానికి సమయం తీసుకుంటుంది. వెంటనే ఇంకో మలుపు ఎదురుగా వస్తే, ఈ ఒరుగుడు తీరకముందే అటువైపు ఒరగాలి. ఘాట్‌లో మలుపుల మీద మలుపులు. పైగా వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి కాబట్టి మలుపులో ఒక చక్రం గొయ్యి తొక్కితే రెండోదీ కదులుతుంది, వెనక భాగం పక్కకు గెంతుతుంది. 800 బరువు తక్కువ, ఎత్తూ తక్కువ. స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. సుంకి దగ్గర వంపుల్లో అంబాసిడర్‌ని రెండు చేతులతో లాగి తిప్పాల్సిన చోట, నాన్న మణికట్టుతో తిప్పేశారు.

పట్టు తప్పినప్పుడు కూడా రెండూ ఒకేలా ప్రవర్తించవు. 800లో బండిని లాగేదీ తిప్పేదీ ముందు చక్రాలే. మలుపులో మరీ వేగంగా పోతే ఆ రెండు పనులూ ఒకేసారి చెయ్యలేక ముక్కు బయటికి జారుతుంది, తిప్పినంత తిరగదు. భయమేస్తుంది గానీ యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే ముక్కు మళ్లీ దారికొస్తుంది. ఒక్కసారిగా వదిలేసి బ్రేకు తొక్కితే మాత్రం బరువంతా ముందుకు దూకి, వెనక తేలికైపోయి, తోక జారుతుంది. అంబాసిడర్‌లో ముందు చక్రాల పని తిప్పడమే, నెట్టేది వెనకవి. పొడి రోడ్డు మీద ఆ కాస్త శక్తితో తోక జారదు. వాన పడ్డ కొత్తలో, రోడ్డు మీద నూనె తేలినప్పుడు, ఖాళీ బండితో మలుపులో గట్టిగా రేజ్ చేస్తే జారుతుంది. అప్పుడు సర్దుకోవాలంటే చెయ్యి తిరిగిన డ్రైవరై ఉండాలి. ట్యాక్సీ వాళ్లలో కొందరు వానాకాలం డిక్కీలో ఇసుక బస్తా వేసుకునేది ఇందుకే. వెనక చక్రాల మీద బరువు పడితే పట్టు పెరుగుతుంది.

బురదలో, ఇసుకలో కూడా ఇదే లెక్క. ఖాళీ 800 బురదలో బాగా పోతుంది, ఇంజిన్ బరువంతా తిరిగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే మొత్తం బరువులో ముందు చక్రాల వాటా తగ్గిపోతుంది, తడి ఎత్తులో టైరు ఉత్తినే తిరుగుతుంది. అంబాసిడర్‌కి ఇది తలకిందులు. ఖాళీగా ఉంటే ఇబ్బంది, నిండితే పట్టు. కళింగపట్నం ఇసుకలో ఒకసారి నాన్న బండి దిగబడితే నలుగురం పట్టుకుని ఎత్తి పక్కన పెట్టాం. అంబాసిడర్ దిగబడితే ట్రాక్టర్ కోసం ఊళ్లోకి వెళ్లాల్సిందే.

స్టీరింగ్ గురించి ఒక అపోహ ఉంది. అంబాసిడర్ స్టీరింగ్ బరువుగా ఉండేది కాబట్టి అది పాత రకమని చాలామంది అనుకుంటారు. రెండింటిలోనూ ఉన్నది ర్యాక్ అండ్ పినియనే. బరువు వచ్చేది ముందు చక్రాల మీద ఇనుప ఇంజిన్ కూర్చోవడం వల్ల, పెద్ద టైర్ల వల్ల. ఆ స్టీరింగ్ చక్రం అంత పెద్దగా పెట్టింది తిప్పేవాడికి అది మీటలా సాయపడుతుందనే. బండి కదలడం మొదలుపెట్టాక తేలికవుతుంది, నిలబెట్టి తిప్పితేనే భుజాలు నొప్పెడతాయి. అంబాసిడర్ తిరగడానికి 5.4 మీటర్ల వ్యాసార్థం కావాలి, 800కి 4.4 చాలు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బజార్లలో ఈ ఒక్క మీటరే తేడా చూపిస్తుంది. ఒకేసారి తిరిగిపోవడమా, వెనక్కీ ముందుకీ మూడుసార్లు ఆడించడమా అనేది.

అంబాసిడర్‌లో స్టీరింగ్ కింద ఉండే హ్యాండ్ గేరు వల్ల ముందు సీట్లో ముగ్గురు కూర్చోవచ్చు, ట్యాక్సీకి అదే లాభం. గేరు కొమ్ము నుంచి గేర్‌బాక్సుకి పోయే కడ్డీల బుష్‌లు అరిగితే గేరు ఇరుక్కుంటుంది. ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనే.

దిగేటప్పుడు

బండి ఎక్కేటప్పుడు ఇంజిన్ పని చేస్తుంది. దిగేటప్పుడు పని బ్రేకులది. ఆ పని ఎంతో చాలామందికి అంచనా ఉండదు. 1570 కిలోల బండి నిలువున వంద మీటర్ల ఎత్తు దిగితే, ఆ శక్తి మొత్తం బ్రేకుల్లోనే వేడిగా మారితే, నాలుగున్నర లీటర్ల పైన నీళ్లు 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాగుతాయి. నాన్న బండి బరువుకైతే రెండున్నర లీటర్లు దాటుతాయి. వంద మీటర్లకే అంత. ఆ వేడంతా అరచేతంత లైనర్లలో, వాటి చుట్టూ ఉన్న ఇనుములో చేరాలి.

అంబాసిడర్‌కి చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ము మూసిన గిన్నె లాంటిది, వేడి లోపలే ఉండిపోతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్‌కి దూరం జరుగుతుంది, లైనర్ కూడా కాగిపోయి పట్టు కోల్పోతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. తర్వాతి 800లకు ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. బరువు తక్కువ, బ్రేకులు మెరుగు. కాగితం మీద చూస్తే దిగేటప్పుడు భయపడాల్సింది బాబాయి.

జరిగింది వేరు. బాబాయి సుంకి దాటగానే రెండో గేరులో వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, ఇంజిన్‌తోనే బండిని ఆపుకుంటూ దిగాడు. చక్రాలు ఇంజిన్‌ని తిప్పాల్సి వస్తుంది కాబట్టి ఇంజినే బ్రేకు పని చేస్తుంది. మలుపుకి ముందు ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి వదిలేసేవాడు, కాలు దాని మీదే ఉంచేవాడు కాదు. తొక్కి వదిలిన మధ్యలో లైనర్లు చల్లారతాయి. నాన్నేమో పెట్రోలు కలిసొస్తుందని నాలుగో గేరులో, పెడల్ మీద కాలు ఆనించి దింపుతున్నారు. నేను ముందు సీట్లో ఉన్నాను. మొదట వాసన వచ్చింది, రబ్బరు కాలినట్టు, చేదుగా. ముందు పోయే లారీదేమో అనుకున్నాం. తర్వాతి మలుపులో నాన్న బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, సగానికి పైగా కిందికి పోయింది. ఆయన మొహం చూశాను. ఏమీ మాట్లాడలేదు. క్లచ్ తొక్కి మూడు, మళ్లీ రెండు వేశారు. ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరిచింది, బండి మెడ పట్టుకుని లాగినట్టు నెమ్మదించింది. హ్యాండ్ బ్రేకు కూడా మెల్లగా పైకి లాగి, కొండ వైపున్న వెడల్పు చోట ఆపారు.

వెనక నుంచి బాబాయి వచ్చి ఆపాడు. ముందు చక్రం దగ్గర కూర్చుని చెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు, ముట్టుకోలేదు.

"నీళ్లు పొయ్యమంటావేట్రా?" అన్నారు నాన్న.

"వద్దన్నయ్యా. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంగిపోద్ది. ఆరనీ. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి, ఎవుల బండైనా."

అరగంట ఆగాం. లారీలు మొదటి గేరులో మూలుగుతూ మమ్మల్ని దాటి కిందికి పోయాయి. వాటి డ్రైవర్లలో సగం మంది సాలూరు వాళ్లే అయ్యుంటారు, ఆ ఊరంతా లారీల మీద బతికే ఊరు. చల్లారాక నాన్న ఇంజిన్ స్టార్ట్ చేసి, కదలకముందే బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి చూశారు. పెడల్ మళ్లీ పైనే, గట్టిగా తగిలింది. రెండో గేరు వేసి, బాబాయి బండిని ముందు పోనిచ్చి, దాని వెనకాలే సాలూరు దాకా దిగారు.